నన్ను చూపిస్తున్నదెవరు? వెబ్ ఎడిటర్లు లింకుల లెక్క పెట్టుకునే తీరు

ఒక సైటు బాగోగులు చూసుకునే రోజుల్లో "కొత్తబొమ్మలు2ఫైనల్" అనే ఫోల్డరు నాకు కంట్లో నలుసులా ఉండేది. ఒక సాయంత్రం ఓపిక తెచ్చుకుని దాని పేరు "బొమ్మలు" అని మార్చాను. కంప్యూటర్లో ఫైళ్లు చూసుకునే మామూలు విండోలోనే మార్చేశాను. సర్వరులో ఉన్న పాత ఫోల్డరును కూడా శుభ్రంగా తుడిచేసి, కొత్తది ఎక్కించి పడుకున్నాను. తెల్లారి చూస్తే సైటు నిండా ఖాళీ చట్రాలు. ఏ డౌన్‌లోడు లింకు నొక్కినా "దొరకలేదు" అనే జవాబే.

నవ్వాలో ఏడవాలో తెలియని సంగతేమిటంటే, ఆ సాయంత్రం వెబ్ ఎడిటరు, అంటే పేజీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్, కూడా పక్కన తెరిచే ఉంది. అదే పేరు మార్పు దాని సొంత ఫైళ్ల పట్టీలో చేసి ఉంటే, "ఫలానా పేజీలు ఈ ఫోల్డరును వాడుతున్నాయి, వాటిలోనూ మార్చమంటారా?" అని అడిగేది. సరే అంటే అయిపోయేది. ఫోల్డరు ఒకటే, మార్చిన పేరూ ఒకటే. ఒక విండోలో చేస్తే సైటు కూలింది, ఇంకో విండోలో చేస్తే నిలబడేది. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో అర్థమైతే లింకుల గొడవ సగానికి సగం విడిపోతుంది.

పేజీ వెనకున్న కోడు, అంటే హెచ్‌టీఎంఎల్‌లోకి తొంగి చూస్తే లింకు చాలా అల్పమైన వస్తువు. 'ఏ' అనే ట్యాగు, అందులో 'హెచ్‌రెఫ్' అనే గుణం, దాని ఎదురుగా కొన్ని అక్షరాలు. అంతే. ఆ అక్షరాలు ఏ పేజీని చూపిస్తున్నాయో ఆ పేజీకి ఈ సంగతి తెలియదు. తెలియజేసే ఏర్పాటూ లేదు. మీ ఇంటి అడ్రసు ఎవరెవరి డైరీల్లో రాసి ఉందో మీకు తెలియనట్టే. ఇల్లు మారిన రోజున ఆ డైరీలు వాటంతట అవి దిద్దుకోవు.

ఇలాగే ఉండాలని రాసిపెట్టి లేదు. 'హైపర్‌టెక్స్ట్' అనే మాటను 1965లో లోకానికిచ్చిన టెడ్ నెల్సన్ ఊహించిన లింకు రెండు వైపులా పనిచేస్తుంది. ఆయన 1960లో మొదలుపెట్టిన జనాడు ప్రాజెక్టులో ఏ పత్రం నుంచైనా, తనను ఎవరెవరు ప్రస్తావించారో వెనక్కి చూసుకోవచ్చు. లింకు తెగడమన్న మాటే ఉండకూడదన్నది ఆయన పట్టుదల. 1990లో సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను కట్టినప్పుడు ఆ పట్టుదలను వదిలేశారు. ఒకవైపు లింకు చాలన్నారు. ఎవరైనా, ఎవరి పేజీకైనా, ఎవరినీ అడగకుండా లింకు ఇచ్చుకోవచ్చు. రెండు వైపులా లెక్క రాయాలంటే రెండు సర్వర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, లేదా నడిమధ్య అందరి లెక్కలూ రాసే గుమాస్తా ఒకడు ఉండాలి. అలాంటి గుమాస్తా అక్కర్లేకపోవడం వల్లే వెబ్ అంత వేగంగా పాకింది. మనమంతా ఏదో ఒక రోజు చూసే 404, అంటే "దొరకలేదు" అనే జవాబు, ఆ స్వేచ్ఛకు కట్టే సుంకం. నా మటుకు నాకు అది న్యాయమైన బేరమే అనిపిస్తుంది.

బెర్నర్స్-లీ రాసిన ఆ మొదటి బ్రౌజరు ఎడిటరు కూడా. అందులో లింకు ఇవ్వాలంటే ముందు చూపించదలచుకున్న పత్రాన్ని గుర్తుపెట్టి, తర్వాత మన పేజీలోని మాటను ఎంచుకుని, గుర్తుపెట్టినదానికి కలపమనాలి. అడ్రసు చేత్తో టైపు చేసే పనే లేదు. తర్వాత వచ్చిన బ్రౌజర్లు చాలావరకు చదవడం మాత్రమే ఉంచుకుని రాయడాన్ని వదిలేశాయి. రాసే పని వేరే సాఫ్ట్‌వేర్ల చేతికి పోయింది. అడ్రసులు టైపు చేయడం, అందులో తప్పులు చేయడం కూడా అక్కడి నుంచే బాగా అలవాటయింది.

ఎడిటరు రాసుకునే తిరగేసిన పట్టిక

వెబ్‌కు లేని ఆ గుమాస్తాను ఎడిటర్లు తమ పరిధిలో తామే పెట్టుకున్నాయి. 1995లో వచ్చి, మరుసటి ఏడాదే మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లిన ఫ్రంట్‌పేజ్‌లో హైపర్‌లింకుల దృశ్యం అని ఒకటి ఉండేది. మధ్యలో మీరు ఎంచుకున్న పేజీ, కుడి పక్కన అది చూపిస్తున్న పేజీలు, ఎడమ పక్కన దాన్ని చూపిస్తున్న పేజీలు. ఆ ఎడమ పక్కే అసలు గొప్ప. కుడి పక్క జాబితాకు పేజీ తెరిచి చదివితే చాలు. ఎడమ పక్క జాబితా కావాలంటే సైటులోని ప్రతి పేజీనీ ముందే చదివి, ఎవరు ఎవరిని చూపిస్తున్నారో తిరగేసి రాసిపెట్టుకోవాలి.

1997 చివర్లో మాక్రోమీడియా తెచ్చిన, 2005 నుంచి అడోబీ చేతిలో ఉన్న డ్రీమ్‌వీవర్ పని మొదలుపెట్టగానే సైటు నిర్వచించమని పోరుపెట్టేది ఇందుకే. ఏ ఫోల్డరు నుంచి ఏ ఫోల్డరు దాకా మీ సైటో చెబితే, దాన్నంతా చదివి తిరగేసిన పట్టిక తయారుచేసుకుంటుంది. "ఇదంతా ఎందుకులే" అని ఆ మెట్టు దాటేసి విడి ఫైలు తెరిచి పనిచేసేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల చేతిలో అది ఖరీదైన నోట్‌ప్యాడే.

పట్టిక ఉంటే ఫైలును కదిపినప్పుడు రెండు వైపులా సర్దాలి. ఆ ఫైలును చూపిస్తున్న పేజీలన్నిటిలో అడ్రసు మార్చాలి. ఈ సంగతి అందరికీ తోస్తుంది. కదిలిన ఫైలు లోపల ఉన్న లింకులనూ కొత్త చోటు నుంచి మళ్లీ లెక్కగట్టాలి. ఇది మాత్రం చేత్తో సర్దేవాళ్లు తరచూ మరిచిపోతారు. ఎడిటరు మరిచిపోదు, కానీ షరతు ఒక్కటే: కదిపింది దాని కళ్లెదుట జరగాలి. దాని వెనక జరిగినదాన్ని అది పేరు మార్పుగా గుర్తుపట్టలేదు. ఒక ఫైలు మాయమైంది, ఇంకో ఫైలు ఎక్కడి నుంచో వచ్చింది అనుకుంటుంది. నా "కొత్తబొమ్మలు2ఫైనల్" కథ ఇదే.

ఈ అడిగే పద్ధతి ఎప్పుడూ సరిచేయడం, ఎప్పుడూ వద్దనడం, ప్రతిసారీ అడగడం అని మూడు రకాలుగా ఉంటుంది. ఏది పెట్టి ఉందో ఒకసారి సెట్టింగుల్లో చూసుకోవాలి. ఈ రోజుల్లో ఎక్కువమంది వాడే వీఎస్ కోడ్ అనే ఎడిటరులో, సాదా గుర్తులతో రాసే మార్క్‌డౌన్ ఫైళ్లకు ఈ సౌకర్యం ఉంది. కాకపోతే వెతికి ఆన్ చేసుకుంటే తప్ప నిద్రపోతూనే ఉంటుంది.

పట్టికకూ గుడ్డి మచ్చలున్నాయి. జావాస్క్రిప్టులో ముక్కలు ముక్కలుగా అతికించి తయారుచేసే అడ్రసు దాని కంటపడదు. సర్వరులో ఉన్న నకలు సంగతి ఇంకా చిక్కు. మీ కంప్యూటర్లో పేరు మార్చాక కొత్త ఫైలు ఒక్కటే ఎక్కిస్తే సరిపోదు, లింకు మారిన పేజీలన్నీ ఎక్కించాలి. పాత పేరుతో ఉన్న ఫైలు సర్వరులో అలాగే పడి ఉంటుంది. పైకి ఏ లింకూ తెగదు, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఆర్నెల్ల తర్వాత మీరు కొత్త ప్రతిని దిద్దుతుంటారు, బయటి నుంచి వచ్చేవాళ్లు పాత ప్రతినే చదువుతుంటారు. తెగిన లింకు కన్నా ఇదే ప్రమాదం. తెగినది కనీసం ఫిర్యాదు చేస్తుంది.

అడ్రసు ఎక్కడి నుంచి మొదలవ్వాలి

లింకు పెట్టె తెరిచినప్పుడు ఎడిటరు అడిగే ప్రశ్నల్లో కొత్తవాళ్లు చదవకుండా దాటేసేది ఒకటుంది: ఈ అడ్రసు దేన్ని బట్టి? మూడు జవాబులున్నాయి, ఒక్కో జవాబుకు ఒక్కో బలహీనత.

మొదటిది పత్రాన్ని బట్టి. "../బొమ్మలు/పటం" అని రాస్తే, ఇప్పుడున్న ఫోల్డరు నుంచి ఒక మెట్టు పైకెక్కి, అక్కడి బొమ్మలు ఫోల్డరులోకి దిగమని అర్థం. మొత్తం సైటును మూటగట్టి పెన్‌డ్రైవులో వేసుకున్నా, ఇంకో సర్వరుకు మార్చినా లింకులు చెక్కుచెదరవు, ఎందుకంటే ఫైళ్ల మధ్య దూరాలు మారలేదు. ఒక్క పేజీ చోటు మారితే మాత్రం అందులో ఉన్నవన్నీ అడ్డం తిరుగుతాయి.

రెండోది సైటు మూలాన్ని బట్టి. అడ్రసు గీతతోనే మొదలవుతుంది: "/బొమ్మలు/పటం". పేజీ ఏ మూలన ఉన్నా ఒకటే దారి కాబట్టి, ప్రతి పేజీలో ఒకేలా కనిపించే మెనూలకు ఇదే నయం. అయితే కంప్యూటర్లో ఉన్న ఫైలును నేరుగా రెండుసార్లు నొక్కి తెరిస్తే ఇది పనిచేయదు, బ్రౌజరు ఆ గీతను డిస్కు మూలం అనుకుంటుంది. సైటు మొత్తాన్ని ఇంకో సైటులో ఒక ఉపఫోల్డరుగా పెట్టినా అంతే.

మూడోది పూర్తి అడ్రసు, హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యేది. బయటి సైట్లకు ఇది తప్ప దారి లేదు. సొంత సైటు లోపలి పేజీలకు కూడా ఇదే వాడితే, డొమైను పేరు మారిన రోజున వేల చోట్ల దిద్దుబాటు తప్పదు. సైట్లన్నీ హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు మారినప్పుడు దీని రుచి చాలామందికి తెలిసొచ్చింది.

ఈ మూడింటికీ చెందని నాలుగో రకం కూడా ఉంది, అది పొరపాటున పుట్టేది. ఫైలును లాగి వదిలినప్పుడు కొన్ని ఎడిటర్లు మీ డిస్కులోని దారినే అడ్రసుగా రాసేస్తాయి, "ఫైల్" అనే మాటతో మొదలవుతుంది. మీ కంప్యూటర్లో అన్నీ భేషుగ్గా తెరుచుకుంటాయి, మీ ఒక్కరికే. అందుకే ప్రచురించాక ఇంకో పరికరంలో చూడమని చెప్పేది.

చివరి గీత సంగతి చూడండి. బ్రౌజరు అడ్రసు "/పాఠాలు" అని ఉంటే, ఆ పేజీలోని "మూడు" అనే లింకు "/మూడు"కు వెళ్తుంది. అడ్రసు "/పాఠాలు/" అని ఉంటే అదే లింకు "/పాఠాలు/మూడు"కు వెళ్తుంది. లింకులో ఒక్క అక్షరం మారలేదు, మనం నిలబడిన చోటును బ్రౌజరు వేరేగా అర్థం చేసుకుంది. గీత లేకపోతే "పాఠాలు" ఒక ఫైలు, ఉంటే ఒక ఫోల్డరు. "నాకు పనిచేస్తోంది, మీకెందుకు పనిచేయట్లేదు" అనే వాదనల్లో కొన్నిటి మూలం ఈ గీతే.

రోమన్ లిపి పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడాను విండోస్ పట్టించుకోదు, లినక్స్ సర్వర్లు మామూలుగా పట్టించుకుంటాయి. ఇంట్లో పనిచేసిన లింకు సర్వరులో తెగితే మొదట చూడాల్సింది ఇదే. మన లిపికి ఆ బెడద లేదు కానీ వేరే బెడద ఉంది. అడ్రసులో తెలుగు అక్షరాలు పంపేటప్పుడు, అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో సంకేతం 3 బైట్లవుతుంది, ఒక్కో బైటును శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలుగా రాస్తారు. "తెలుగు" అనే మాటలో గుణింతాలతో కలిపి 6 సంకేతాలు. అంటే అడ్రసులో 54 అక్షరాలు! బ్రౌజరు పైకి చక్కగా తెలుగులోనే చూపిస్తుంది, కాపీ చేసి ఇంకెక్కడైనా అతికిస్తే శాతం గుర్తుల గుట్ట బయటపడుతుంది. అది తప్పు కాదు, ఆ లింకు పనిచేస్తుంది. మధ్యలో ఎవరో దాన్ని రెండు లైన్లుగా విరిచినప్పుడే తెగుతుంది.

ఫైళ్లు లేని చోట

ఇప్పుడు ఎక్కువ సైట్లకు ఫైళ్లూ ఫోల్డర్లూ ఉండవు, డేటాబేసు ఉంటుంది. బ్లాగులూ సైట్లూ నడిపే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ లింకు పెట్టెలో నాలుగు అక్షరాలు టైపు చేస్తే మీ పాత వ్యాసాలను వెతికి చూపిస్తుంది. సుఖంగా ఉంటుంది, కానీ ఎంచుకున్నాక రాసేది పూర్తి అడ్రసే. అది వ్యాసం వచనంలో మామూలు అక్షరాలుగా కూర్చుంటుంది. చూపిస్తున్న వ్యాసం అడ్రసులోని పేరు మార్చితే, వెతికిపెట్టిన ఈ లింకు మారదు. పోస్టుల విషయంలో వర్డ్‌ప్రెస్ పాత పేరును గుర్తుపెట్టుకుని, దాన్ని అడిగినవాళ్లను కొత్త చోటుకు పంపుతుంది. 'పేజీలు' అనే రకానికి ఈ జ్ఞాపకం లేదు, దగ్గరి పేరున్నదాన్ని ఊహించి పంపే ప్రయత్నం మాత్రం చేస్తుంది. ఊహ ఊహే.

డొమైను మార్చేటప్పుడు డేటాబేసులో పాత పేరు వెతికి కొత్త పేరు పెట్టేస్తే చాలనుకుంటే దెబ్బ తింటారు. కొన్ని సెట్టింగులను వర్డ్‌ప్రెస్ "ఇన్ని అక్షరాల మాట" అని పొడవుతో సహా దాచుకుంటుంది. పేరు పొడవు మారి, ఆ అంకె మారకపోతే సెట్టింగు మొత్తం చదవడానికి పనికిరాకుండా పోతుంది. ఈ పొడవులు కూడా సరిచేసే పరికరాలు ఉన్నాయి, వర్డ్‌ప్రెస్‌ను ఆదేశాలు టైపు చేసి నడిపే డబ్ల్యూపీ-సీఎల్‌ఐలోని వెతికి మార్చే ఆదేశం అలాంటిదే. ముందు ఉత్తుత్తి పరుగు పెట్టి, ఎన్ని చోట్ల మారబోతోందో చూసుకునే వీలూ అందులో ఉంది.

ఈ విషయంలో నాకు బాగా నచ్చేది వికీపీడియా వెనకున్న మీడియావికీ. ప్రతి పేజీ పక్కన "ఇక్కడికి లింకున్న పేజీలు" అని ఒక మీట. నెల్సన్ అడిగిన వెనక చూపు, ఒక్క సైటు మేరకైనా, అందరికీ కనిపించేలా ఉంది. పేజీని తరలిస్తే పాత పేరు దగ్గర దారిమార్పు తనంతట తానే మిగులుతుంది. లేని పేజీకి ఇచ్చిన లింకు ఎర్రగా ఉంటుంది. తెగిన లింకును తప్పుగా కాక, ఇంకా రాయాల్సిన వ్యాసంగా చూపించడం ఎవరి ఆలోచనో గానీ భలే ఆలోచన.

పేజీ లోపలి ఒక చోటుకు ఇచ్చే లింకులు వేరే జాతి. అడ్రసు చివర హ్యాష్ గుర్తు, తర్వాత ఆ చోటుకు పెట్టిన ఐడీ. ఐడీ పోతే 404 రాదు. పేజీ తెరుచుకుంటుంది, పాఠకుడు పైనే నిలబడిపోతాడు. హ్యాష్ తర్వాతి భాగాన్ని బ్రౌజరు అసలు సర్వరుకు పంపదు కాబట్టి సర్వరుకు ఈ తప్పు ఎన్నటికీ తెలియదు. శీర్షికల నుంచి ఐడీలను సొంతంగా తయారుచేసే ఎడిటర్లలో, శీర్షికలో ఒక అక్షరదోషం దిద్దినా పాత ఐడీ పోతుంది. ఎక్కువమంది లింకు ఇచ్చే విభాగాలకు ఐడీ చేత్తో పెట్టుకోవడం మేలు.

గోడ అవతల

ఎడిటరు పట్టిక మీ సైటు గోడ దగ్గర ఆగిపోతుంది. డ్రీమ్‌వీవర్ లింకుల తనిఖీ మూడు జాబితాలిస్తుంది: తెగినవి, బయటివి, ఎవరూ చూపించని అనాథ ఫైళ్లు. బయటివాటిని వరసగా చూపిస్తుందే తప్ప పనిచేస్తున్నాయో లేదో చెప్పదు. వాటికి వేరే తనిఖీ పరికరాలు కావాలి. ఆ అవసరం చిన్నదేమీ కాదు. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత దొరకలేదు.

తనిఖీ పరికరం ఇచ్చే తీర్పును కూడా గుడ్డిగా నమ్మకూడదు. అది చూసేది సర్వరు పలికే అంకెను. 404 అంటే దొరకలేదు, 410 అంటే కావాలనే తీసేశాం, 200 అంటే అంతా బాగుంది. కొన్ని సైట్లు యంత్రం వచ్చిందని పసిగట్టి 403తో తలుపు మూస్తాయి, మనిషి వెళ్తే తెరుస్తాయి. ఇంకొన్ని "క్షమించండి, ఈ పేజీ లేదు" అని అందమైన బొమ్మతో చెబుతూనే 200 పలుకుతాయి. అన్నిటికన్నా మోసం ఇంకొకటుంది: గడువు తీరిన డొమైనును ఇంకెవరో కొనుక్కుని జూదం పేజీ పెడతారు. పరికరం దృష్టిలో ఆ లింకు నిక్షేపం. అందుకే ముఖ్యమైన బయటి లింకులను ఏడాదికోసారైనా కళ్లతో చూడాలి. లింకు ఇచ్చే రోజునే, వెబ్ పేజీల ప్రతులు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒక ప్రతి దాయించి, పక్కన వ్యాసం పేరూ తేదీ రాసి పెడితే, రేపు లింకు తెగినా పాఠకుడు పేరు పట్టుకుని వెతుక్కోగలడు. ఉత్త "ఇక్కడ నొక్కండి" అని రాసిన లింకు తెగితే ఆ ఆధారమూ ఉండదు. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడే పాఠకులు లింకులను మాత్రమే జాబితాగా విన్నప్పుడు, వరసగా "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వినపడటం మరో ఇబ్బంది.

అతికించిన లింకును ఒకసారి చదవడం కూడా అలవాటు చేసుకోవాలి. ఆఫీసు ఈమెయిళ్ల నుంచి తెచ్చిన లింకు చుట్టూ భద్రతా తనిఖీ వాళ్ల చుట్టుకాగితం ఉండొచ్చు, సోషల్ మీడియా నుంచి తెచ్చినదానికి ఎవరు ఎక్కడ నొక్కారో కనిపెట్టే తోక ఉండొచ్చు. అసలు అడ్రసు తప్ప మిగతాది కత్తిరించేయండి.

ఇక మన పేజీకి బయటివాళ్లు ఇచ్చిన లింకులు. వాటిని దిద్దే హక్కు మనకు లేదు. అడ్రసులు తమంతట తాము మారవని, మనుషులే మారుస్తారని 1998లోనే బెర్నర్స్-లీ విసుక్కున్నారు. మార్చక తప్పనప్పుడు చేయగలిగింది పాత అడ్రసు దగ్గర కాపలా మనిషిని పెట్టడం, అంటే రీడైరెక్ట్. శాశ్వతంగా మారితే 301, తాత్కాలికమైతే 302. ఈ రెండింటికీ తేడా పాఠకుడికి తెలియదు గానీ సెర్చి ఇంజన్లకు తెలుస్తుంది. ఒకసారి మార్చినదాన్ని మళ్లీ మార్చినప్పుడు గొలుసు పెరగనివ్వకుండా, మొట్టమొదటి అడ్రసును నేరుగా ఆఖరి చోటుకు చూపించాలి.

అనాథ ఫైళ్ల జాబితా చూసి చెరిపేయబోయేవాళ్లకు ఒక మాట. అవి అనాథలని ఎడిటరు చెప్పేది గోడ లోపల చూసి మాత్రమే. బయటి నుంచి ఎవరైనా వస్తున్నారేమో సర్వరు లాగులో, అంటే ఎవరు ఏది అడిగారో సర్వరు రాసుకునే చిట్టాలో, చూడాలి. వచ్చినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో బ్రౌజరు చెప్పే ఒక వరస అందులో ఉంటుంది. దాని పేరు రిఫరర్, ప్రమాణంలోకి ఎక్కేటప్పుడు ఒక అక్షరం జారిపోయి, ఇప్పటికీ ఆ తప్పు స్పెల్లింగుతోనే నడుస్తోంది. ఒకప్పుడు ఆ వరసలో వచ్చిన పేజీ పూర్తి అడ్రసు ఉండేది. ఇప్పుడు పాఠకుల గోప్యత కోసం బ్రౌజర్లు మామూలుగా సైటు పేరు మాత్రమే చెబుతున్నాయి. ఏ ఇంటి నుంచి వచ్చారో తెలుస్తుంది, ఆ ఇంట్లో ఏ డైరీలో మన అడ్రసు రాసి ఉందో తెలియదు. నేను మాత్రం అదే లాగులో 404 వరసలను వడగట్టి, ఏ పాత పేర్లతో జనం ఇంకా తలుపు తడుతున్నారో చూసి, వాటికి ఒక్కొక్కటిగా 301 రాస్తుంటాను. "కొత్తబొమ్మలు2ఫైనల్" కోసం వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.